చైనా గరిటె, హైదరాబాద్ పెట్టె: ప్యాకింగ్ మీద ఏ దేశం పేరు రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరూ మీ తమ్ముడూ కలిసి చైనా నుంచి సిలికాన్ గరిటెలు, కేకు అచ్చులు తెప్పిస్తున్నారు. యాభై చొప్పున కవర్లలో, పెద్ద అట్టపెట్టెల్లో వస్తాయి. వాటికి ఉదయగిరి చెక్క గరిట ఒకటి జతచేసి, మీ సొంత బ్రాండు పేరుతో హైదరాబాద్‌లో అచ్చు వేయించిన రంగుల పెట్టెలో పెట్టి సెట్టుగా అమ్మాలనుకుంటున్నారు. పెట్టె ఇక్కడిదే, బ్రాండు ఇక్కడిదే, ప్యాకింగూ ఇక్కడే. కాబట్టి ‘మేడ్ ఇన్ ఇండియా’ అనవచ్చా? కాదంటే ‘ప్యాక్డ్ ఇన్ ఇండియా’తో సరిపెట్టవచ్చా? చైనా పేరు తప్పనిసరైతే పెద్ద కార్టన్ మీద ఉంటే చాలదా?

సూటిగా చెప్తాను. ‘మేడ్ ఇన్ ఇండియా’ అని రాయకూడదు. ‘ప్యాక్డ్ ఇన్ ఇండియా’ అని రాసుకోవచ్చు గానీ అదొక్కటే రాస్తే చాలదు. గరిటెలు, అచ్చులు చైనావని, కొనేవాళ్లు చేతిలోకి తీసుకునే చిన్న పెట్టె మీదే ఉండాలి. కార్టన్ మీద రాసింది లెక్కలోకి రాదు. కొనేవాళ్లకు ఆ కార్టన్ ఎప్పుడూ కనపడదు కదా. చెక్క గరిట సంగతి వేరు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా కస్టమ్స్ క్లియరెన్స్ పనిలో ఉన్నాను. మొదట విశాఖ పోర్టులో, తర్వాత చెన్నైలో, ఇప్పుడు ఎక్కువగా సనత్‌నగర్ డిపోకి వచ్చే కంటెయినర్ల పని. దేశం పేరు దగ్గర ఇరుక్కున్నవాళ్లలో మోసం చేద్దామని బయల్దేరినవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. పెట్టె డిజైన్ అంతా అయిపోయి, ప్రెస్సువాడికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాక ఈ ప్రశ్న అడిగేవాళ్లే ఎక్కువ. మీరు ఇంకా అచ్చుకి ఇవ్వలేదన్నారు. చాలా మంచిదైంది.

నియమం ఎక్కడుందో ముందు చెప్తాను. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద 2011లో ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్స్ వచ్చాయి. మన ఊళ్లలో తూనికలు, కొలతల శాఖవాళ్లు షాపుల్లో ప్యాకెట్లు తిప్పి చూసేది వీటి ప్రకారమే. 2017లో చేసిన సవరణ వల్ల 2018 జనవరి 1 నుంచి, దిగుమతైన వస్తువు అయితే అది పుట్టిన, తయారైన లేదా కూర్చిన దేశం పేరు ప్యాకెట్ మీద ఉండి తీరాలి. అంతకు ముందు దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటే చాలని నడిచిపోయేది. అందుకే పాత వ్యాపారులు ‘మా రోజుల్లో ఎవరూ రాయలేదు’ అంటుంటారు. వాళ్ల రోజుల్లో అది నిజమే, ఇప్పుడు కాదు.

ఆ నిబంధనలో ఒక మాట పట్టుకోండి. దిగుమతైన ‘ప్యాకెట్’ అని లేదు, దిగుమతైన ‘ఉత్పత్తి’ అని ఉంది. ప్యాకెట్ హైదరాబాద్‌లో తయారైనా లోపలున్న గరిటె సముద్రం దాటి వచ్చిందే. మీ ప్రశ్నలోని ముడి ఇక్కడే విడిపోతుంది.

అసలు ఒక వస్తువు ఏ దేశానిదని ఎలా తేల్చాలి? నా దగ్గరకు వచ్చే కొత్తవాళ్లను నేను అడిగేది ఒకటే: ఈ వస్తువుకు ఇప్పుడున్న పేరు ఎక్కడ వచ్చింది? సిలికాన్ ముద్దగా ఉన్నది ఎక్కడ గరిటె అయింది? గరిటె అయిన చోటే దాని దేశం. ఆ తర్వాత మీరు దాన్ని కడిగినా, తుడిచినా, ఏరినా, రంగు ప్రకారం వేరుచేసినా, పెట్టెలో పెట్టినా, మీ బ్రాండు ముద్ర కొట్టినా అది గరిటెగానే వచ్చింది, గరిటెగానే వెళ్తుంది. దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాల్లో కూడా ఇలాంటి పనులను విడిగా జాబితా వేసి, వీటివల్ల వస్తువు దేశం మారదని రాసుకుంటారు. ప్యాకింగ్, లేబుల్ అంటించడం, గుర్తులు వేయడం, ఊరికే ముక్కలు బిగించడం, అన్నీ ఆ జాబితాలో ఉంటాయి.

సరుకు ఎక్కడి నుంచి ఓడ ఎక్కిందన్నది కూడా దేశాన్ని తేల్చదు. దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టు నుంచి వచ్చిన సరుకును దుబాయ్ సరుకు అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి సరుకు కోసం కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రంలో, పుట్టిన దేశానికి ఒక గడి, సరుకు పంపిన దేశానికి ఇంకో గడి వేరువేరుగా ఉన్నది ఇందుకే. మీ ప్యాకెట్ మీదికి రావాల్సింది మొదటి గడిలోని పేరు.

ఈ ‘పేరు ఎక్కడ వచ్చింది’ అన్న లెక్కను మన దగ్గరి ఉదాహరణతో చెప్తే బాగా అర్థమవుతుంది. పలాస జీడిపప్పు తీసుకోండి. పలాస ఫ్యాక్టరీలకు సరిపడా జీడిపిక్కలు శ్రీకాకుళం తోటల్లో పండవు. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు విశాఖ పోర్టుకు దిగి లారీల్లో పలాస వెళ్తాయి. నేను విశాఖలో ఉన్న రోజుల్లో నా పనిలో పెద్ద భాగం ఆ గోనెసంచులే. అక్కడ పిక్కను ఆవిరి పట్టి, పెంకు కోసి, పప్పు తీసి, ఎండబెట్టి, పొట్టు వొలిచి, సైజుల వారీగా ఏరతారు. మీరు డబ్బా మీద చూసే 320 అనే అంకె, ఒక పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 300 నుంచి 320 పప్పులు తూగుతాయనే గ్రేడు. ఇంత పని జరిగాక పిక్క పిక్కగా మిగల్లేదు, తినే పప్పయింది. ఆహారం లేబుళ్ల గురించి 2020లో వచ్చిన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో ఇది స్పష్టంగానే ఉంది: రెండో దేశంలో జరిగిన ప్రాసెసింగ్ వల్ల ఆహారం స్వభావమే మారితే, లేబుల్ మట్టుకు ఆ రెండో దేశమే దాని పుట్టిన దేశం. అందుకే పలాస పప్పును భారత ఉత్పత్తి అనడంలో నాకు ఏ ఇబ్బందీ కనపడదు. మన దేశం నుంచి బయటికి పోయే పప్పునూ ఇలాగే పంపుతూ వచ్చారు.

కానీ అదే డబ్బా మీద ‘పలాస తోటల నుంచి’ అని రాస్తే అది అబద్ధం. పప్పు పలాసలో తయారైంది, పిక్క ఆఫ్రికాలో పండింది. ఈ రెండూ వేరు. ఒక క్లయింటు ఆకుపచ్చ తోట బొమ్మ వేసి ఆ మాట రాయించుకుంటే, అచ్చుకు వెళ్లేలోపు పట్టుబట్టి తీయించాను. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. లేబుల్ మీద భారత ఉత్పత్తి అయినంత మాత్రాన, ఏదో ఒప్పందం కింద విదేశంలో సుంకం రాయితీకి ఆ పప్పు అర్హమైపోదు. ఆ ఒప్పందంలో పిక్క ఇక్కడే పండాలని ఉంటే, లేబుల్ మీదున్న మాట అక్కడ పనికిరాదు.

ఇప్పుడు బాదం పక్కన పెట్టి చూడండి. కాలిఫోర్నియా బాదం పప్పు మూటల్లో తెచ్చి బేగంబజార్‌లో అరకిలో ప్యాకెట్లు కడతారు. పప్పు పప్పుగానే వచ్చింది, పప్పుగానే వెళ్లింది. దేశం అమెరికానే. అదే పప్పును వేయించి ఉప్పు పట్టిస్తే? నా అభిప్రాయంలో అప్పుడూ అమెరికా అని రాయడమే పద్ధతి, ఎందుకంటే కొనేవాళ్ల కళ్లకు అది ఇంకా బాదం పప్పే. దాన్ని పొడి చేసి పాలపొడి, చక్కెర, యాలకులు కలిపి బాదం పాల మిక్స్ చేస్తే మాత్రం అది ఇక్కడ పుట్టిన కొత్త వస్తువు. మీ గరిటెలది మొదటి రకం కథ, అరకిలో ప్యాకెట్ల కథ.

ఇక మీ సెట్టు. ఇది నిజంగా మంచి ప్రశ్న, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒకే పెట్టెలో రెండు దేశాల వస్తువులున్నప్పుడు ఎక్కువ భాగం ఎవరిదో, ఎక్కువ ఖరీదు ఎవరిదో చూసి ఒక దేశం పేరు రాసేస్తారు. అలా చేయొద్దు. ఒక ప్యాకెట్లో ఒకటికి మించి వస్తువులుంటే ఒక్కోదాని పేరు, సంఖ్య లేదా పరిమాణం రాయాలని నిబంధన ఎటూ చెబుతోంది. ఆ వరుసలోనే దేశం కూడా చేర్చేయండి. సిలికాన్ గరిటెలు 3, చైనా. సిలికాన్ కేకు అచ్చు 1, చైనా. చెక్క గరిట 1, ఇండియా. మూడు పంక్తుల్లో పని అయిపోతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఉదయగిరి పేరు గురించి ఒక మాట. నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు వాడుకోవాలంటే వస్తువు నిజంగా అక్కడి కళాకారులు చేసిందై ఉండాలి. ఆ పేరు మీద అధీకృత వాడుకదారులుగా నమోదైనవాళ్ల దగ్గర కొని, బిల్లు దాచుకోండి. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది, పెట్టె ముందువైపు ‘ఉదయగిరి’ అని పెద్ద అక్షరాలు, వెనక మూలన ‘చైనా’ అని చీమ తలకాయంత అక్షరాలు ఉండకూడదు. మూడు నెలలు కూర్చుని ఒక గరిట చెక్కడం నేర్చుకున్న మనిషి పేరును చైనా సిలికాన్‌కు ముసుగుగా వాడినట్టవుతుంది. కొన్న మనిషికీ అన్యాయమే, చెక్కిన మనిషికీ అన్యాయమే. సెట్టు పేరులో ఉదయగిరిని పెట్టకుండా, లోపలున్న వస్తువుల్లో ఒకటిగా చెప్పండి.

త్రివర్ణ పతాకం రంగుల పట్టీ, అశోకచక్రంలాంటి గుండ్రటి డిజైన్, ‘మన దేశపు వంటగది’ లాంటి నినాదం, వీటి విషయంలోనూ ఇదే చెప్తాను. విడివిడిగా ఏదీ అబద్ధం కాకపోవచ్చు. అన్నీ కలిసి కొనేవాళ్ల మనసులో ఏ దేశం బొమ్మ గీస్తున్నాయన్నదే అధికారి చూస్తాడు, వినియోగదారుల కమిషన్ కూడా చూస్తుంది. ‘డిజైన్డ్ ఇన్ ఇండియా’ అని రాయడానికి మీ డిజైన్ నిజంగా ఇక్కడ గీసిందైతే అభ్యంతరం లేదు. అయితే దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో, తయారీ దేశం కూడా రాయండి.

పెట్టె మీద ఏం రాయాలి, ఏ భాషలో? నేను వాడే మాటలు ‘కంట్రీ ఆఫ్ ఆరిజిన్: చైనా’, కింద ‘ఇంపోర్టెడ్ అండ్ ప్యాక్డ్ బై’ అని మీ సంస్థ పేరు, పూర్తి చిరునామా. వీటితో పాటు వస్తువు సాధారణ పేరు, సంఖ్య, నెలా సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి ఫోను, ఈమెయిలు ఎలాగూ ఉండాలి. తప్పనిసరి వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉండాలని నిబంధన. తెలుగులో అదనంగా రాసుకోవచ్చు, తెలుగులో మాత్రమే రాస్తే కుదరదు. నాకు ఇది బాధగానే ఉంటుంది, మన ఊళ్లో అమ్మే వస్తువుల మీద మన భాషకు చోటు దొరక్క. అందుకే నా క్లయింట్లకు ఇంగ్లిష్ కింద తెలుగు పంక్తి కూడా వేయమని చెప్తాను. ‘తయారైన దేశం: చైనా’ అని చదివి కొనే హక్కు మా అమ్మలాంటివాళ్లకు కూడా ఉంది.

దేశం పేరు పూర్తిగా రాయండి. ‘మేడ్ ఇన్ పీఆర్‌సీ’ అని రాసి తప్పించుకుందామని కొందరు చైనా సరఫరాదారులే సలహా ఇస్తారు. పీపుల్స్ రిపబ్లిక్ ఆఫ్ చైనాకు అది పొట్టి పేరు. ఆ మూడు అక్షరాలు చూసి ఏ దేశమో ఎంతమందికి తెలుస్తుంది? ‘మేడ్ ఇన్ ఈయూ’ అన్నదీ ఇలాంటిదే. నిబంధన అడిగింది దేశం పేరు, యూరోపియన్ యూనియన్ ఒక దేశం కాదు. జర్మనీ అయితే జర్మనీ అనే రాయాలి.

జర్మనీ అన్నాను కాబట్టి ఒక చిన్న సంగతి. ఈ ‘మేడ్ ఇన్’ అనే మాటను అందరికీ అలవాటు చేసింది 1887లో బ్రిటన్ తెచ్చిన మర్కండైజ్ మార్క్స్ చట్టం. జర్మనీ కత్తులు, సామాన్లు ఇంగ్లిష్ సరుకులా చలామణి అవుతున్నాయని వాటికి ముద్ర వేయించారు. ఏళ్లు గడిచాక ఆ ముద్రే నాణ్యతకు గుర్తైపోయింది. రెండేళ్లకు, 1889లో, ఇక్కడ కూడా అలాంటి చట్టమే వచ్చింది. చైనా పేరు రాస్తే అమ్మకాలు పడిపోతాయని భయపడే క్లయింట్లకు ఇది చెప్తుంటాను.

రాత ఎక్కడ పడాలి, ఎప్పుడు పడాలి? మీ విషయంలో కొంచెం జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది. చిల్లరగా అమ్మే ప్యాకెట్ల రూపంలో సరుకు దిగుమతైతే, ఆ ప్యాకెట్ల మీద వివరాలన్నీ కస్టమ్స్ నుంచి బయటికి రాకముందే ఉండాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ 2000 నవంబరులోనే ఈ షరతు పెట్టింది. గుత్తగా వచ్చి, ఇక్కడ ప్యాక్ అయ్యే సరుకుకు ఈ షరతు పోర్టు దగ్గర వర్తించదు. మీ గరిటెలు యాభై చొప్పున కవర్లో వస్తాయి కాబట్టి గుత్త సరుకే అనుకోవచ్చు. కానీ ఫ్యాక్టరీవాడు దుమ్ము పడకుండా ఒక్కో గరిటెకు ఒక్కో కవర్ తొడిగాడనుకోండి, ఆ కవర్ మీద బార్‌కోడ్ కూడా అంటించాడనుకోండి. చట్టంలో ‘ముందే ప్యాక్ చేసిన వస్తువు’ అంటే కొనేవాడు ఎదురుగా లేకుండా, సీలు ఉన్నా లేకున్నా, ముందే నిర్ణయించిన పరిమాణంలో ప్యాకెట్లో పెట్టింది. అధికారి ఆ కవర్‌ను చిల్లర ప్యాకెట్ అన్నాడంటే మీ దగ్గర గట్టి జవాబు ఉండదు. ఫ్యాక్టరీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి: విడి కవర్లు వద్దు, బార్‌కోడ్ వద్దు, ఒక్కో కవర్లో యాభై. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్‌లో కూడా గుత్త ప్యాకింగ్ అని రాయించండి.

దిగుమతి సరుకుకు స్టిక్కర్ వేసి వివరాలు పూర్తిచేసే వెసులుబాటు ఉంది. కస్టమ్స్ బాండెడ్ గోదాముల్లో, అంటే సుంకం కట్టకముందు సరుకు కస్టమ్స్ అదుపులో ఉండే గోదాముల్లో, అనుమతి తీసుకుని వేయించవచ్చు. అయినా అది చివరి దారిగానే ఉంచుకోండి. చెన్నైలో నా క్లయింటు ఒకాయన గాజు సీసాల సెట్లు తెప్పించాడు. కార్టన్ మీద దేశం పేరు చక్కగా ఉంది, లోపలి రంగుపెట్టెల మీద లేదు. ఫ్యాక్టరీవాడు ‘కార్టన్ మీద వేశాం కదా’ అన్నాడు, మీరు అడిగినట్టే. దాదాపు తొమ్మిది వేల పెట్టెలు. కార్టన్లు విప్పి, పెట్టె పెట్టెకూ స్టిక్కర్ వేసి, మళ్లీ కట్టి బయటికి తేవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. గోదాము అద్దె, కంటెయినర్ ఆలస్య రుసుము, కూలీ ఖర్చు కలిపితే ఆ సరుకు మీద వచ్చే లాభం మొత్తం పోయింది. పండక్కి అమ్ముదామని తెచ్చిన సరుకు పండగ వెళ్లాక షాపులకు చేరింది. ఫ్యాక్టరీలో అచ్చు వేయించి ఉంటే ఒక్కో పెట్టెకు అదనంగా పైసా ఖర్చు కూడా అయ్యేది కాదు.

స్టిక్కర్ తప్పనిసరైతే వేడికి రంగుపోయే థర్మల్ కాగితం వాడొద్దు. విశాఖ ఉక్కలో, గోదాము రేకుల కింద, ఆరు వారాల్లో అక్షరాలు మాయమైపోవడం నేను కళ్లారా చూశాను. తెల్లకాగితం అంటించి అమ్ముతున్నారని ఆ షాపువాళ్లకు నోటీసు వచ్చింది. గోటితో లాగితే ఊడిరాని స్టిక్కర్, చెరిగిపోని సిరా వాడండి. ఫ్యాక్టరీ ముద్రించిన అసలు రాతను, ముఖ్యంగా పాత దేశం పేరును, కప్పేలా అంటించవద్దు. కింద ఒక పేరు, పైన ఇంకో పేరు కనపడితే మీరు ఎంత నిజం చెప్పినా నమ్మడం కష్టం.

ఇంకో అనుభవం చెప్పి తీరాలి, మీకు జరిగే అవకాశం ఉంది కాబట్టి. ఒక కుర్రాడు తన బ్రాండు ఆర్ట్‌వర్క్ ఫైలు చైనా ఫ్యాక్టరీకి పంపాడు. అది అంతకు ముందు ఇక్కడే చేయించిన స్టీలు డబ్బాల పెట్టె ఫైలు, కింద మూలన ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంది. ఆ ఒక్క పంక్తి తీయడం మర్చిపోయాడు. ఫ్యాక్టరీవాడు ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసి పంపాడు. చైనా నుంచి వచ్చిన కంటెయినర్లో ‘మేడ్ ఇన్ ఇండియా’ పెట్టెలు! దేశం పేరు లేకపోవడం ఒక తప్పు, తప్పుడు దేశం పేరు ఉండటం ఇంకా పెద్ద తప్పు. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో వస్తువు తయారైన దేశం గురించి తప్పుడు వివరణ ఇస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అతని ఉద్దేశం మంచిదేనని పాత ఫైలు, ఈమెయిళ్లు చూపించి ఒప్పించేసరికి మా ఇద్దరికీ నెలన్నర నిద్ర లేదు. పెట్టెలన్నీ అక్కడే మార్చాల్సి వచ్చింది. ఆర్ట్‌వర్క్ ఫైలును ప్రతిసారీ మొదటి అక్షరం నుంచి చదవండి, మీరు చదివాక ఇంకొకరితో చదివించండి.

మామూలు తప్పులకు శిక్షల సంగతి పొట్టిగా చెప్తాను. లీగల్ మెట్రాలజీ చట్టం 2009లో రాసుకున్న ప్రకారం నిబంధనలకు సరిపోని ప్యాకెట్‌కు మొదటిసారి 25 వేల దాకా, రెండోసారి 50 వేల దాకా జరిమానా. మీరే కాదు, దాన్ని అమ్మిన షాపువాళ్లూ బాధ్యులే. తప్పుదారి పట్టించే ప్రకటన అని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తేలిస్తే మొదటిసారే 10 లక్షల దాకా వేయవచ్చు.

తూనికలు, కొలతల శాఖ దగ్గర ప్యాకర్‌గా, దిగుమతిదారుగా నమోదు కావడం మర్చిపోకండి. పని మొదలుపెట్టిన 90 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, రుసుము 500 రూపాయలే. ఇది చేయకుండా పెట్టె మీద అన్నీ సరిగ్గా రాసినా తనిఖీలో మొదట అడిగేది ఆ నంబరునే.

ఆన్‌లైన్‌లో అమ్ముతారన్నారు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు పేజీలో కూడా దేశం పేరు, దిగుమతిదారు వివరాలు కనపడాలి. పెట్టె మీద చైనా, పేజీలో ఇండియా అని ఉండే పొరపాటు చాలా మామూలు. లిస్టింగ్ నింపేటప్పుడు ఆ గడిలో ముందే ఇండియా అని ఉంటే మార్చకుండా సేవ్ చేసేస్తారు. మీ సెట్టులాంటివాటికి ఒకే గడి ఉంటుంది, అక్కడ చైనా అని పెట్టి, వివరణలో చెక్క గరిట ఇండియా అని రాయడం నేను సూచించే పద్ధతి. దేశం పేరుతో వస్తువులను వడకట్టి చూసుకునే వీలు కల్పించాలని 2025లో కేంద్రం ముసాయిదా కూడా పెట్టింది, కాబట్టి ఆ గడికి ముందుముందు విలువ పెరిగేదే.

మీ ప్రశ్నలో ‘మా దగ్గర సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉంది, అది చాలదా’ అని కూడా ఉంది. అది వేరు, ఇది వేరు. ఆ సర్టిఫికెట్ సుంకం రాయితీ అడగడానికి కస్టమ్స్‌కు చూపే కాగితం. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రాయితీ కోరితే ఆ కాగితం వెనకున్న లెక్కలు కూడా మీ దగ్గర ఉండాలి. ప్యాకెట్ మీది రాత కొనేవాళ్ల కోసం. అయితే ఈ రెంటిలో దేశం పేరు ఒకదానికొకటి పొసగకపోతే అధికారికి వెంటనే అనుమానం వస్తుంది. చైనా సెరామిక్ కప్పులు, ప్లేట్ల మీద 2018లో యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా వచ్చి పడే విదేశీ సరుకు మీద వేసే అదనపు సుంకం) పడ్డాక, అవి వేరే దేశం నుంచి వచ్చినట్టు చూపించే ప్రయత్నాలను అధికారులు బాగా ఎరుగుదురు. మీరు సెట్టులోకి సెరామిక్ గిన్నెలు చేర్చాలనుకుంటే ముందే చెప్పండి, అది వేరే లెక్క.

చివర్లో న్యూజెర్సీలో ఉన్న మీ పిన్నిగారమ్మాయి ఈ సెట్లు అక్కడ అమ్ముతానందని రాశారు. హైదరాబాద్ నుంచి పంపినంత మాత్రాన అమెరికాలో కూడా చైనా గరిటె ఇండియా గరిటె అయిపోదు. అక్కడ 1930 నాటి టారిఫ్ చట్టం ప్రకారం విదేశీ వస్తువు మీద తయారైన దేశం పేరు ఇంగ్లిష్‌లో, కనపడేచోట, చదవగలిగేలా, వస్తువు స్వభావం ఎంత అనుమతిస్తే అంత చెరగకుండా ఉండాలి. గుర్తు లేకపోతే, దాన్ని సరిచేయకుండా ఉంచేస్తే, మామూలు సుంకం మీద విలువలో 10 శాతం అదనం. వస్తువు మీద కాకుండా పెట్టె మీద రాయడం కొన్నిసార్లు చెల్లుతుంది, ఆ పెట్టె అలాగే చివరి కొనుగోలుదారు చేతికి చేరుతుందన్నప్పుడు. పెట్టె మీద హైదరాబాద్ అనో ఇండియా అనో తయారీ గురించి తప్పు అభిప్రాయం కలిగించేలా ఉంటే, ‘మేడ్ ఇన్ చైనా’ దాని దగ్గరలోనే, కనీసం అంతే సైజు అక్షరాల్లో ఉండాలని వాళ్ల నియమం. పైన పక్కపక్కనే రాయమని నేను చెప్పిన పద్ధతి అక్కడి నుంచి నేర్చుకున్నదే. ఇక సుంకం కూడా వస్తువు పుట్టిన దేశాన్ని బట్టే పడుతుంది కాబట్టి, గరిటెలకు చైనా రేటు, చెక్క గరిటకు ఇండియా రేటు. సెట్టుగా పంపే ముందు అక్కడి బ్రోకరుతో ఈ లెక్క వేయించమనండి. బహుశా ఆ అమ్మాయికి చెక్క గరిటలు మాత్రమే విడిగా పంపడం లాభం అవుతుందేమో చూడండి.

మీ పెట్టె ఆర్ట్‌వర్క్‌లో వెనక వైపు ఒక్కటి ఇక్కడ పెట్టండి, ఫోను నంబరు చెరిపేసి. దేశాల పంక్తులు, అక్షరాల సైజు చూసి చెప్తాను. ఫ్యాక్టరీకి పంపిన ప్యాకింగ్ సూచనలు కూడా జతచేస్తే, ఆ విడి కవర్ల సంగతి వాళ్లకు సరిగ్గా అర్థమైందో లేదో తెలుస్తుంది.